మధ్యలో పడ్డ ‘లే’

ఆ సోమవారం పొద్దున్న దిద్దుబాటమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి టీ తాగాలి. తొమ్మిదిన్నరకి, పేపరు మొదటి పేజీలో దొరికిన నాలుగు అచ్చుతప్పుల గురించి సంపాదకుడికి ఉత్తరం రాయాలి. పదకొండింటికల్లా గళ్ళనుడికట్టు పూర్తిచేసి, భోజనాల వేళ దాకా కిటికీ పక్కన కూర్చుని, ఎదురు వీధి మందుల షాపువాడు కొత్తగా పెట్టిన బోర్డులో ఏం తప్పులున్నాయో చూడాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి ఒక పూటలో ఇంతకంటే పని అక్కర్లేదని ఆవిడ నమ్మకం.

ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. ముప్పై ఆరేళ్ళు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దడం వల్ల వచ్చింది. ‘మంత్రిగారి సేవలు మరువలేనివి’ అన్నచోట ‘సేవలు’ కాస్తా ‘శవాలు’ అయి కూర్చుంటే, యంత్రం తిరుగుతుండగా పరిగెత్తుకెళ్ళి ఆపించిన ఘనత ఆవిడది. మంత్రిగారి పరువు, సంపాదకుడి ఉద్యోగం, రెండూ ఆ రోజు ఆవిడ ఎర్రకలం మీద ఆధారపడి బతికాయి. ఉద్యోగం అయిపోయినా కలం మాత్రం చేతిని వదల్లేదు. వృద్ధుల హోముకి వచ్చిన మొదటి రోజునే భోజనాల పట్టికలో ఏడు తప్పులు దిద్ది గోడకి తిరిగి అంటించింది. సాయంత్రానికల్లా అందరూ దిద్దుబాటమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

హోము రెండంతస్తులు. తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు పైన. చేసుకోలేనివాళ్ళు కింద, గాజు తలుపు వెనక. పై అంతస్తులో ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది, టీ కాచుకోవడానికి ఎవరి కెటిల్ వాళ్ళది. కింద ఇవేవీ ఉండవు. పైనుంచి కిందికి వెళ్ళినవాళ్ళున్నారు గానీ కిందినుంచి పైకి వచ్చినవాళ్ళని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

టీకి వెళ్తూ దిద్దుబాటమ్మ నోటీసు బోర్డు దగ్గర ఆగింది. ‘నేటి నుండి సోమ, బుధ, శుక్రవారములలో ఉదయం పది గంటలకు సామూహిక వ్యాయమం. అందరూ తప్పక రావలెను.’ కలం తీసి ‘య’కి దీర్ఘం పెట్టింది. వ్యాయామం మాట వినగానే చిరాకుపడే మనిషి కాదావిడ. రోజూ తెల్లవారుతూనే గది తలుపు గడియ వేసుకుని, రెండు చేతులూ భుజాల మీదుగా నలభై చుట్లు ముందుకీ, నలభై చుట్లు వెనక్కీ తిప్పుతుంది. ప్రూఫుల బల్లమీద వంగి వంగి బిగుసుకుపోయిన భుజాలకి ముప్పై ఏళ్ళ కిందట తనకు తనే రాసిచ్చుకున్న మందు అది. ఈ సంగతి కూతురికి తప్ప మూడో కంటికి తెలీదు. ఉత్తరం మధ్యాహ్నం రాసుకోవచ్చులే అనుకుని, పదింటికి వెళ్ళి భోజనాల హాల్లో కుర్చీ వేసుకుంది.

హాల్లో గుండ్రంగా పదకొండు కుర్చీలు. మధ్యలో ముప్పై ఏళ్ళు నిండని ట్రైనరు పిల్ల. చెవి దగ్గరనుంచి నోటి ముందుకు వంగిన మైకు, కాళ్ళ దగ్గర డబ్బాలాంటి స్పీకరు, చంకలో ట్యాబు. మనిషి చురుకైనదే, మొహంలో కల్మషం లేదు. రోజుకి నాలుగు హోములు తిరుగుతుంది. అయితే పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఒకటేనని రెండు రోజుల శిక్షణలో ఎవరో ఆ పిల్లకి నూరిపోశారు.

“హాయ్ బంగారాలూ! అందరూ బువ్వ తిన్నారా?” అంది మైకులో.

ఎవరి పిల్లలొచ్చారా అని సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

“ఇప్పుడు మనమందరం ఎవరం? బుల్లి బుల్లి పావురాళ్ళం! ఏదీ, రెక్కలు పైకీ... కిందికీ... పావురాళ్ళు ఏమంటాయి? గుర్ర్, గుర్ర్ అంటాయి!”

స్పీకర్లో పాట మొదలైంది. చేతులు ఒకటొకటిగా లేచాయి. దిద్దుబాటమ్మకి కుడిపక్కన బస్సు తాత. జీవితమంతా బస్సు నడిపిన మనిషి కనుక చేతులు పైకెత్తమంటే స్టీరింగు వదిలేసినట్టు భయపడుతూ ఎత్తాడు. ఎడమపక్కన జడ్జీగారు. ముప్పై ఏళ్ళు కోర్టులో గొంతు పెంచి ఎరగని ఆ పెద్దమనిషి కూడా అటూ ఇటూ చూసి, మోచేతులు రెండూ కాస్త ఎడంగా జరిపి, చాలా చిన్న గొంతుతో “గుర్ర్” అన్నారు.

ఆ ‘గుర్ర్’ వినగానే దిద్దుబాటమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

“బామ్మా, నీ రెక్కలేవీ?” అంటూ ట్రైనరు ముందుకొచ్చింది.

“నాకు రెక్కల్లేవు. చేతులున్నాయి.”

“సరే, ఆ బుజ్జి చేతులే పైకి!”

“నేను చెయ్యను.”

“అయ్యయ్యో, చెయ్యలేవా బంగారం?”

“చెయ్యలేనని కాదమ్మాయ్. చెయ్యను. మనిషిని అడిగినట్టు అడిగితే చేస్తాను. పావురాన్ని చేసి అడిగితే చెయ్యను.”

పాట సరిగ్గా అప్పుడే పెద్ద గొంతెత్తుకుంది. ట్రైనరుకి ‘చెయ్య’ వరకే వినపడింది. జాలిగా తలూపి, దిద్దుబాటమ్మ భుజం తట్టి, ట్యాబులో హోమంతా వాడే యాప్ తెరిచింది. ఆ యాప్‌లో పేరు పక్కన రెండే మీటలు. ఆకుపచ్చది ‘చేశారు’, ఎర్రది ‘చెయ్యలేరు’. ‘చెయ్యరు’ అనే మనిషి ఒకరుండొచ్చన్న సంగతి ఆ యాప్ తయారుచేసినవాళ్ళ ఊహకి అందలేదు. ట్రైనరు ఎర్రమీట నొక్కింది. ఏ అవయవం అని అడిగితే, రెండు చేతులూ అని నొక్కింది. ఎప్పటినుంచి అంటే, ఈ రోజు నుంచి అని నొక్కింది. నొక్కినదంతా క్షణంలో నర్సు గదిలో కంప్యూటరుకి చేరిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఆయా వచ్చి దిద్దుబాటమ్మ మెడకి తువ్వాలు కట్టింది. ఏమిటిదని అడిగేలోపు సూపు చెంచా మూతి దగ్గరకొచ్చింది.

“ఆఁ అనండి. ఏదీ, ఆఁ...”

“ఏమిటే ఇది? నాకేం వచ్చిందని?”

“ఏం రాకుండా ఉండాలనే కదండీ. ఆఁ...”

దిద్దుబాటమ్మ చెంచా లాక్కుని తనే తాగింది. ఒళ్ళు మండిపోతూ ఉండటంవల్ల చెయ్యి వణికి నాలుగు చుక్కలు తువ్వాలు మీద పడ్డాయి. ఆ నాలుగు చుక్కల్నీ ఆయా చాలా బాధగా చూసి, వెళ్ళి నర్సుకి చెప్పింది. చేతులు వణుకుతున్నాయట, తినిపిస్తే ఒప్పుకోవడం లేదట, కోపం కూడా ఎక్కువగా ఉందట.

నర్సు చెడ్డదేం కాదు. కాకపోతే కళ్ళెదుట ఉన్నదానికంటే నమోదైనదాన్ని ఎక్కువ నమ్మడం ఉద్యోగం నేర్పిన అలవాటు.

“అమ్మగారూ, చేతులు ఒక్కసారి పైకెత్తండి, చూద్దాం.”

“ఎత్తను.”

“నొప్పిగా ఉందా? ఎక్కడ?”

“నా చేతుల్లో లేదమ్మా నొప్పి. ఆ పిల్ల చంకలో పలకలాంటిది ఉంది చూశావూ, అందులో ఉంది.”

నర్సు గుండె గుభేలుమంది. ‘నొప్పి ఎక్కడున్నదో చెప్పలేకపోతున్నారు. అది వేరొకరి శరీరంలో ఉన్నదని భావిస్తున్నారు’ అని రాసుకుంది.

ఇక నోటితో లాభం లేదని దిద్దుబాటమ్మ కాగితం తీసింది. తను రోజూ చేసుకునే పనుల పేర్లూ వాటి వేళలూ, ‘చెయ్యను’కీ ‘చెయ్యలేను’కీ మధ్య ఉన్న తేడా, ఆ తేడా తెలియనివాళ్ళ చేతికి మనుషుల్ని అప్పగించడంలో ఉన్న ప్రమాదం, అన్నీ కలిపి మేనేజరుకి నాలుగు పేజీల ఫిర్యాదు రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మేనేజరు సీట్లో లేకపోతే తలుపు కిందినుంచి లోపలికి తోసి వచ్చింది.

మేనేజరు దాన్ని చదివి నోరెళ్ళబెట్టాడు. రెండు చేతులూ పడిపోయిన మనిషి నాలుగు పేజీలు ఎలా రాస్తుంది? అంటే పక్కన కూర్చుని ఎవరో రాసిపెట్టారన్నమాట. ఆవిడతో ఎప్పుడూ కూర్చునేది బస్సు తాత. కాగితాలు మడిచి చేత్తో పట్టుకుని మేనేజరు తాత గదికి వెళ్ళాడు. తాత అప్పుడే మోకాళ్ళకి నొప్పుల తైలం పట్టించి, సీసాకి మూత బిగిస్తున్నాడు.

“ఇది రాసింది మీరేనా?” అన్నాడు మేనేజరు, కాగితాలు కొంచెం పైకెత్తి.

వరండాలోకి వాసన కొట్టిందని అడగడానికి వచ్చాడనుకున్నాడు తాత. “నేనే రాశానండీ. రోజూ రాస్తాను.”

“రోజూనా!”

“పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి.”

“మరీ ఇంత ఘాటుగానా?”

“ఘాటుగా లేకపోతే పనిచెయ్యదండీ. మీకు కావాలంటే మీక్కూడా రాస్తాను. ఎక్కడ పట్టేసిందో చెప్పండి.”

మేనేజరు కాగితాలు జేబులో కుక్కుకుని వెనక్కి నడిచాడు. సాయంత్రానికల్లా ఫైలు తయారైంది. గురువారం మధ్యాహ్నం మూడింటికి దిద్దుబాటమ్మని కింది అంతస్తుకి మార్చాలని నిర్ణయం. కూతురికి ఫోను.

మంగళవారం పొద్దున ఆ ఫోను అందగానే, తను పనిచేసే బ్యాంకు కౌంటరు ముందు జనాన్ని అలాగే వదిలేసి కూతురు ఊడిపడింది. వస్తూనే బావురుమని తల్లిని కావలించుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ నిజంగానే రెండు చేతులూ కదల్చలేకపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ నర్సు అది కూడా చూసి నిట్టూర్చింది.

నర్సు వెళ్ళాక అసలు సంగతి విని కూతురు కళ్ళు తుడుచుకుంది. తర్వాత అగ్గిమీద గుగ్గిలమైంది.

“అమ్మా, నీకేమైనా మతిపోయిందా? రోజూ పొద్దున్నే గిరగిరా తిప్పే చేతులేగా అవి! ఒక్కసారి వాళ్ళముందు ఎత్తితే అయిపోయేదానికి...”

“ఎత్తను.”

“ఎత్తకపోతే ఎల్లుండి కిందికి పంపుతారట. గది పోతుంది, తాళం పోతుంది. నీ కలం కూడా తీసేసుకుంటారు, గుచ్చుకుంటుందని. నాకోసం ఎత్తవే!”

“అడిగినప్పుడల్లా ఎత్తి చూపిస్తే, అవి నా చేతులెలా అవుతాయే? వాళ్ళ చేతులవుతాయి.”

“నీ పంతం తగలెయ్య! పోనీ, నాతో మా ఇంటికి వచ్చెయ్.”

“నువ్వు తొమ్మిదింటికి వెళ్ళి ఏడింటికి వస్తావు. అంతసేపు నీ గోడలకి ప్రూఫులు దిద్దనా? ఇక్కడ నాకు మనుషులున్నారు. ఇక్కడే ఉంటాను, పైనే ఉంటాను.”

కూతురు మేనేజరుతో వాదించింది. మేనేజరు చాలా మర్యాదగా, తల్లికి ఇలా అయితే ఏ కూతురూ ఒప్పుకోలేదని, ఈ దశలో అది సహజమేనని చెప్పి మంచినీళ్ళిచ్చాడు. గురువారం సెలవు పెట్టి వస్తానని, ఎలా తీసుకెళ్తారో చూస్తానని చెప్పి కూతురు వెళ్ళిపోయింది.

కూతురి ముందు బింకంగా ఉంది గానీ, ఒంటరిగా మిగిలాక దిద్దుబాటమ్మ కాసేపు కెటిల్ వంక చూసింది. తర్వాత లేచి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి, గాజు తలుపు దగ్గర నిలబడింది.

టైలరమ్మ లోపల ఉంది. అయిదేళ్ళు ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర కూర్చున్నారు. ఈవిడ బోర్డుల్లో తప్పులు పడితే, ఆవిడ దారినపోయేవాళ్ళ చొక్కాల్లో వంకర కుట్లు పట్టేది. పోయిన చలికాలం ఆవిడకి జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఆ పదిహేను రోజుల్లో ఎవరో ‘చెయ్యలేరు’ అని నొక్కారు. జ్వరం తగ్గింది. నొక్కింది అలాగే ఉండిపోయింది.

టైలరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఆయా వెనక నిలబడి తల దువ్వుతోంది. ఒళ్ళో ఒక తువ్వాలు. ఆ తువ్వాలు అంచుని టైలరమ్మ వేళ్ళతో సన్నగా మడత పెట్టుకుంటూ పోతోంది, కొలబద్ద పెట్టినట్టు, ఒక చివరినుంచి ఇంకో చివరికి. ఆయా దువ్వడం అయిపోగానే తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకుంది. టైలరమ్మ ఒక్క క్షణం ఖాళీ అయిన ఒడి వంక చూసుకుని, తన చీర అంచు పట్టుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

దిద్దుబాటమ్మ గాజు మీద తట్టింది. అటువైపు వినపడలేదు. చాలాసేపు నిలబడి మెట్లెక్కింది. దిగేటప్పుడు ఆవిడ దగ్గర ఉన్నది ఒక అక్షరం కోసం పట్టిన పంతం. ఎక్కేటప్పటికి అది అంత చిన్నదిగా లేదు.

బుధవారం పొద్దున్న టీ దగ్గర, కింద చూసిందంతా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎవర్నీ ఏమీ చెయ్యమని అడగలేదు. జడ్జీగారు కప్పు కింద పెట్టేశారు. బస్సు తాత మూడో చెంచా చక్కెర వెయ్యడం మరిచిపోయాడు.

పదింటికి ట్రైనరు హుషారుగా వచ్చింది. “పావురాళ్ళూ, రెడీనా?”

“చెయ్యను,” అంది దిద్దుబాటమ్మ.

“నేనూ చెయ్యను,” అన్నాడు బస్సు తాత.

“నేను కూడా చెయ్యను,” అన్నారు జడ్జీగారు. “మొన్న ఆ శబ్దం చేసిన దగ్గర్నుంచీ అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను.”

ఆ తర్వాత కుర్చీల వెంట అదే మాట గుండ్రంగా తిరిగింది. అందరివీ ఒకే కారణాలు కావు. చేతులెత్తితే నడుం దగ్గర ప్యాంటు జారుతోందని ఒకాయన బాధ. “నాకు చెయ్యాలనే ఉందమ్మాయ్,” అంది చివరి కుర్చీ ఆవిడ. “కానీ అందరూ మానేశాక నేనొక్కదాన్నే చేస్తే బావుండదు కదా. చెయ్యను.”

ట్రైనరు అంత తేలిగ్గా వదిలే పిల్ల కాదు. తను చేసి చూపిస్తుంటే వాళ్ళే చేస్తారనుకుంది. పాట పెట్టి రెక్కలు ఎత్తింది, దించింది. పదకొండు జతల కళ్ళు చూస్తూ కూర్చున్నాయి. ఇంకా పైకి ఎత్తింది, ఇంకా వేగంగా ఊపింది. యాభై నిమిషాలపాటు ఆ హాల్లో ఒకే ఒక్క పావురం ఆగకుండా ఎగిరింది. చివరికి చెమటలు కక్కుతూ కూలబడి, ఏడుపు మొహంతో ట్యాబు తీసి, ‘చెయ్యలేరు’ పదకొండుసార్లు నొక్కింది.

యాప్‌కి మనుషుల సంగతి తెలీదు గానీ లెక్క తెలుసు. రెండు రోజుల్లో ఒకే హాల్లో పదకొండు మందికి ఇరవై రెండు చేతులు పడిపోయాయి. అది తనంతట తనే ప్రధాన కార్యాలయానికీ, అక్కడినుంచి ఆరోగ్య శాఖకీ ఎర్ర సందేశం పంపింది.

గంట తిరక్కుండా గేటు ముందు మూడు బండ్లు ఆగాయి. తలనుంచి పాదం దాకా తెల్లటి తొడుగులు వేసుకున్న నలుగురు దిగారు. ఒకరు గేటుకి అడ్డంగా పట్టీ కట్టారు. ఇంకొకరు కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టారు. మూడో ఆయన వంటగదిలో దూరి సూపు గిన్నెకి సీలు వేశాడు.

“ఇందులో ఏం కలిపావు?” అని వంటాయన్ని నిలదీశాడు.

“ఉప్పండీ.”

“ఇంకా?”

“ఇంకేం లేదండీ. ఏమైనా వేస్తే బావుంటుందని నేనూ రెండేళ్ళనుంచీ చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినడం లేదు.”

మేనేజరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికి బయలుదేరిన ట్రైనరుని గేటు దగ్గర పట్టుకుని, రోగులతో గడిపిన మనిషి కదలడానికి వీల్లేదని లోపలికి తెచ్చి పన్నెండో కుర్చీలో కూర్చోబెట్టారు. పై అంతస్తులో మాత్రం ఇంత సందడి ఎన్నడూ లేదు. చివరి కుర్చీ ఆవిడ గదిలోకి వెళ్ళి కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది.

నలుగురిలోకీ పెద్దావిడ డాక్టరు. తల తొడుగు తీసేస్తే తెల్లజుట్టు, మెడలో స్టెతస్కోపు, మొహంలో తొందరన్నది లేదు. ఒక్కొక్కరి కళ్ళూ నాలికా చూసి, మోకాళ్ళమీద సుత్తితో తట్టి, చేతులెత్తమని అడగడం మొదలుపెట్టింది. పక్కనే మేనేజరు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

“చెయ్యనండీ,” అన్నాడు బస్సు తాత.

“చెయ్యలేరు మేడమ్,” అన్నాడు మేనేజరు.

“చెయ్యను,” అన్నారు జడ్జీగారు.

“ఈయనా చెయ్యలేరు మేడమ్. పాపం, మొన్నటిదాకా బాగానే ఎగిరారు.”

“చెయ్యను,” అంది చివరి కుర్చీ ఆవిడ, కొత్త చెప్పులు కనపడేలా కాళ్ళు జాపి.

“చెయ్యలే...”

“మేనేజరుగారూ,” అన్నారు జడ్జీగారు, “సాక్షి చెప్పిన మాటకీ మీరు చేస్తున్న అనువాదానికీ మధ్య ప్రతిసారీ ఒక అక్షరం ఎక్కువ పడుతోంది. మీరు గమనించారో లేదో.”

డాక్టరు సుత్తి జేబులో పెట్టుకుంది. మేనేజరు వంక చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. కుర్చీ ఒకటి లాక్కుని దిద్దుబాటమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఏమండీ, చేతులు ఎత్తలేరా, ఎత్తరా?”

మూడు రోజులుగా తువ్వాళ్ళు కట్టారు, చెంచాలు పెట్టారు, కావలించుకుని ఏడ్చారు, ఫైళ్ళు తయారుచేశారు. ఈ ఒక్క ప్రశ్న అడగడం మాత్రం ఎవరికీ తోచలేదు.

“ఎత్తనండీ,” అంది. “ఎత్తగలను. ఎత్తను. మమ్మల్ని మీరు అనాలి, పేరు అడగాలి, చెప్పింది వినాలి. అప్పటిదాకా ఎత్తను.”

“సరే,” అంది డాక్టరు. అంతే. అదేదో జలుబు సంగతి విన్నట్టు తలూపి, హాలంతా కలయజూసింది. “ఇలా చెయ్యను అనేవాళ్ళు ఇంకా ఎవరెవరు? చేతులెత్తండి.”

ఒక్కసారిగా ఇరవై రెండు చేతులు లేచాయి. ఒంటిచెయ్యి చాలదన్నట్టు అందరూ రెండేసి ఎత్తారు. బస్సు తాతవి చెవుల పక్కనుంచి నిటారుగా పైకి. ప్యాంటు జారే ఆయన సైతం సంగతి మరిచిపోయి, లేచి నిలబడి మరీ ఎత్తి, వెంటనే గుర్తొచ్చి కూర్చున్నాడు. జడ్జీగారివి తీర్పు చెబుతున్నంత నిశ్చలంగా ఉన్నాయి. అందరికంటే ఎత్తుగా, మోచేతుల దగ్గర చిన్న వంపైనా లేకుండా ఎవరివా అని దిద్దుబాటమ్మ తలెత్తి చూస్తే, అవి తనవే.

మేనేజరు చేతిలోంచి ఫైలు జారి కాలిమీద పడింది.

“దించకండి, అలాగే ఉంచండి,” అంటూ డాక్టరు లేచి, కుర్చీల చుట్టూ తీరిగ్గా తిరుగుతూ ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకుంది. పన్నెండో కుర్చీ దగ్గర ఆగింది. “మీరు?”

ట్రైనరు కుడిచెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. “అమ్మా!” అని కేక పెట్టింది. “పొద్దుట్నుంచీ పట్టేసిందండీ. లేవడం లేదు.”

“చెయ్యనంటారా, చెయ్యలేనంటారా?” అని జడ్జీగారు ఎంతో మర్యాదగా అడిగారు.

“చెయ్యలేనండీ!” అంది ఆ పిల్ల, కళ్ళనీళ్ళతో.

ఎవరూ నవ్వలేదు. బస్సు తాత లేచి గదిలోకి వెళ్ళి తైలం సీసా తెచ్చిచ్చాడు. దిద్దుబాటమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యివేసి, ఎముక పక్కన ఎక్కడ బిగుసుకుందో వేళ్ళతో వెతికి పట్టుకుంది. ముప్పై ఏళ్ళ అనుభవం కనుక ఇట్టే దొరికింది.

“ఇక్కడేనా అమ్మాయ్?”

“అక్కడేనండీ. అబ్బా... మీకెలా తెలిసిందండీ?”

‘అండీ’ వినపడింది. దిద్దుబాటమ్మ దాన్ని మనసులో సరిచూసుకుని, తప్పు లేదనుకుంది.

డాక్టరు కాగితాలు సర్దుకుంటూ, “ఇంకేమైనా చెప్పాలా మీరు?” అంది.

“చెప్పాలి. కింద గాజు తలుపు వెనక ఇరవై మంది ఉన్నారు. నన్నడిగిన ప్రశ్నే వాళ్ళనీ అడగండి. ఒక్కొక్కళ్ళనీ, విడివిడిగా. ఇదిగో, ఈయన పక్కన లేకుండా.”

మేనేజరు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. డాక్టరు మెట్లు దిగింది. ఆ మధ్యాహ్నమంతా కిందనే ఉంది. సాయంత్రం పైకి వచ్చి, లేవలేనివాళ్ళు, చెయ్యలేనివాళ్ళు నిజంగానే ఉన్నారనీ, వాళ్ళని జాగ్రత్తగానే చూస్తున్నారనీ, కానీ నలుగురి విషయంలో పొరపాటు జరిగిందనీ, వాళ్ళలో ముగ్గురు మర్నాడు పైకి వస్తారనీ చెప్పింది. టైలరమ్మని మాత్రం తనతో మెట్లెక్కించి తీసుకొచ్చింది. టైలరమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చి, హాల్లో అందర్నీ చూసి, మేనేజరు దగ్గరకి నడిచింది.

“మీ కోటుకి ఎడమ చెయ్యి అరంగుళం పొడుగుంది,” అంది. “వచ్చిన రోజునుంచీ చెబుదామనుకుంటున్నాను. ఎవరూ అడగలేదు.”

గురువారం సెలవు పెట్టుకుని యుద్ధానికి వచ్చిన కూతురికి, తల్లి గదిలో ఇద్దరు ముసలమ్మలు కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళని చీల్చి చెండాడుతూ కనిపించారు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి, కూతురు ముగ్గురికీ టీ కాచింది.

పది రోజుల తర్వాత ఆరోగ్య శాఖనుంచి నివేదిక వచ్చింది. నీళ్ళలో దోషం లేదు, సూపులో రుచి తప్ప లోపమేమీ లేదు. వ్యాధి అనుమానితులు మొత్తం పన్నెండు మందిలో పదకొండు మందికి మందుల అవసరం లేకుండానే పూర్తిగా నయమైందనీ, మిగిలిన ఒక్కరూ ఆరు వారాలపాటు సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం పది గంటలకు పెద్దల పర్యవేక్షణలో వ్యాయామం చెయ్యాలనీ అందులో ఉంది.